మన పన్నులు ఎవరి ఖజానాకు? విజయవాడ, గుంటూరు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

పన్నుల మీద చాలా తగువులు తప్పు కౌంటరు దగ్గర జరుగుతుంటాయి. పెట్రోలు ధరకు బంకువాణ్ని, స్టాంపు డ్యూటీకి కార్పొరేషన్‌ను, టీడీఎస్‌కు (డబ్బు ఇచ్చేవారే ముందుగా కోసే పన్ను) బ్యాంకు మేనేజరును నిలదీస్తాం. ఏ పన్ను ఎవరు వేశారో, ఎవరి ఖాతాలో పడుతుందో తెలిస్తేనే ఎవరిని అడగాలో తెలుస్తుంది. ఆదాయపు పన్ను అంకెలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. బడ్జెట్లు, జీవోలు రేట్లను మారుస్తుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ ఏటి రేటు ఒకసారి చూసుకోండి.

అసలు నా మీద పన్ను వేసే అధికారం ఎవరెవరికి ఉంది?

చట్టం లేకుండా ఎవరూ పైసా వసూలు చేయకూడదు. రాజ్యాంగం 265వ అధికరణం చెప్పేది అదే. ఏ పన్ను ఎవరిదన్నది ఏడో షెడ్యూలు పంచిపెట్టింది. ఆదాయపు పన్ను (వ్యవసాయ ఆదాయం మినహా), దిగుమతుల మీద కస్టమ్స్, పెట్రోలు డీజిల్ మీద ఎక్సైజు సుంకం కేంద్రానివి. మద్యం, స్టాంపు డ్యూటీ, వాహన పన్ను, వృత్తి పన్ను, పెట్రోలు మీద వ్యాట్ (అమ్మకపు పన్ను) రాష్ట్రానివి. 2016లో వచ్చిన 101వ సవరణతో జీఎస్టీ (వస్తు సేవల పన్ను) ఇద్దరికీ ఉమ్మడి అయింది, 2017 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది.

విజయవాడ, గుంటూరు నగరపాలక సంస్థలకు రాజ్యాంగంలో సొంత జాబితా లేదు. రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఇచ్చిన అధికారమే వాటిది. అందుకే ఇంటి పన్ను కట్టించుకునేది కార్పొరేషనే అయినా, లెక్క కట్టే పద్ధతిని మార్చాలంటే అసెంబ్లీలో చట్టం మారాలి. కార్పొరేటరును అడగొచ్చు గానీ ఆయన చేతిలో ఉన్నది తక్కువ.

కేంద్రానికి మనం కట్టే వంద రూపాయల్లో రాష్ట్రానికి తిరిగి వచ్చేదెంత?

రాష్ట్రాలతో పంచుకోవాల్సిన పన్నులన్నీ ఒక మొత్తంగా లెక్కిస్తారు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం అందులో 41 శాతం రాష్ట్రాలకు ఇమ్మంది. ఆ కాలంలో ఆ 41లో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం. అంటే పంచుకునే ప్రతి వంద రూపాయల్లో మన రాష్ట్రానికి వచ్చేది సుమారు రూ.1.66. ఇది దేశం మొత్తం వసూలైన వందలో వాటా. గుంటూరులో వసూలైన వందలో వాటా అనుకుని బాధపడక్కర్లేదు.

వాటా ఎవరికెంతో తేల్చే కొలతల్లో తలసరి ఆదాయంలో వెనకబాటుకు 45 శాతం, జనాభాకు 15, విస్తీర్ణానికి 15, జనాభా అదుపుకు 12.5, అడవులకు 10, పన్ను వసూలు ప్రయత్నానికి 2.5 శాతం బరువు పెట్టారు. జనాభా 2011 లెక్కల ప్రకారం తీసుకున్నారు. కుటుంబ నియంత్రణ పాటించిన దక్షిణాది రాష్ట్రాలు ఎందుకు గొణుగుతాయో ఈ అంకెలే చెబుతాయి.

అసలు కిటుకు వేరే చోట ఉంది. సెస్సులు, సర్‌చార్జీలు, అంటే పన్ను పైన వేసే అదనపు వసూళ్లు, ఈ పంపకంలోకి రావు. మీ ఆదాయపు పన్ను మీద పడే 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు మొత్తం కేంద్రం దగ్గరే ఉంటుంది. పన్ను పెంచకుండా సెస్సు పెంచితే కట్టేవాడికి తేడా తెలియదు, రాష్ట్రానికి మాత్రం వాటా ఉండదు.

బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు వరుసలు ఎందుకు? హైదరాబాద్‌లో కొంటే ఎవరికి పోతుంది?

రాష్ట్రంలోపలి అమ్మకంలో పన్ను సగం కేంద్రానికి (సీజీఎస్టీ), సగం రాష్ట్రానికి (ఎస్‌జీఎస్టీ). బందరు రోడ్డులో హోటల్లో రూ.400 భోజనానికి 5 శాతం వేస్తే రూ.10 ఢిల్లీకి, రూ.10 రాష్ట్ర ఖజానాకు. సర్వీసు చార్జీ అని కనిపించేది పన్ను కాదు, అది హోటలు యజమానిదే.

జీఎస్టీ వస్తువు తయారైన చోటికి కాదు, వాడే రాష్ట్రానికి చెందుతుంది. చెన్నై గోదాము నుంచి ఆన్‌లైన్‌లో ఫ్రిజ్ తెప్పించుకుంటే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద జీఎస్టీ) పడుతుంది, అందులో రాష్ట్ర వాటా ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అవుతుంది. స్వయంగా హైదరాబాద్ వెళ్లి కొంటే? 2023 అక్టోబరు 1 నుంచి ఉన్న నియమం ప్రకారం, జీఎస్టీ నంబరు లేని కొనుగోలుదారు చిరునామా బిల్లులో రాస్తే ఆ చిరునామా ఉన్న రాష్ట్రానికే పన్ను. రాష్ట్రం పేరు రాసినా చాలు. ఏమీ రాయకపోతే దుకాణం ఉన్న రాష్ట్రానికి. కాబట్టి పెళ్లి బట్టలో, సోఫాలో తెలంగాణలో కొంటే బిల్లు మీద గుంటూరు చిరునామా రాయించండి. మీరు కట్టేది మారదు, వాటా ఇటు వస్తుంది.

బిల్లు అసలుదో కాదో చూడాలంటే 15 అక్షరాల జీఎస్టీ నంబరు చదవండి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్: మనది 37, తెలంగాణది 36. తర్వాతి పది వ్యాపారి పాన్. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే రిజిస్ట్రేషన్ నడుస్తోందో రద్దయిందో కనిపిస్తుంది. ఎంఆర్‌పీ మీద జీఎస్టీ అదనంగా వేస్తే ఒప్పుకోవద్దు. ఎంఆర్‌పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన ధర.

మిర్చి వ్యాపారంలో పన్ను మీద పన్ను పడదా?

పడకూడదు, అదే జీఎస్టీ ఉద్దేశం. గుంటూరులో కారం మిల్లు లెక్క చూడండి. రిజిస్టర్డు వ్యాపారి దగ్గర రూ.1,00,000 ఎండు మిర్చి కొంటే 5 శాతం చొప్పున రూ.5,000 కట్టారు. ఆడించి, ప్యాకెట్లు చేసి రూ.1,40,000కు అమ్మితే రూ.7,000 వసూలు చేశారు. ప్రభుత్వానికి కట్టాల్సింది రూ.2,000. ముందు కట్టిన రూ.5,000 ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసేస్తారు. ప్రతి చేతిలోనూ పెరిగిన విలువ మీదే పన్ను.

కాగితం మీద ఇంత సులువు. ఇబ్బంది వచ్చేది ఇక్కడ: మీకు సరుకు అమ్మినవాడు తన జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్ను) ఆ బిల్లు ఎక్కించకపోతే మీ జీఎస్టీఆర్-2బీలో (కొనుగోళ్ల క్రెడిట్ పట్టిక) క్రెడిట్ కనిపించదు. అతనికి రూ.5,000 ఇచ్చేసినా, మీరు మళ్లీ రూ.7,000 మొత్తం కట్టాల్సిందే. అందుకే అనుభవమున్న మిల్లర్లు 2బీ చూసుకున్నాకే పన్ను భాగం చెల్లిస్తారు. అలాగని మరీ సాగదీయకూడదు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు డబ్బు ఇవ్వకపోతే వాడుకున్న క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలి.

సొంత పొలంలో పండించిన పంట అమ్మే రైతు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. రైతు దగ్గర నేరుగా కొన్నప్పుడు అతను పన్ను వేయడు కాబట్టి దాని మీద క్రెడిట్ కూడా ఉండదు. యార్డులో వసూలు చేసే మార్కెట్ సెస్సు జీఎస్టీ కాదు. అది 1966 నాటి మార్కెట్ల చట్టం కింద మార్కెట్ కమిటీకి వెళ్తుంది, కట్టాల్సింది కొనేవాడు. అమ్మకం చీటీలో రైతు ఖాతాలోంచి ఆ సెస్సు కోసి ఉంటే మార్కెట్ కమిటీ కార్యదర్శి దగ్గర అడగాలి.

చిన్న దుకాణం నడుపుతున్నాం. జీఎస్టీ తీసుకోవాలా?

సరుకులు మాత్రమే అమ్మేవారికి మన రాష్ట్రంలో పరిమితి ఏడాదికి రూ.40 లక్షల అమ్మకాలు, సేవలకు రూ.20 లక్షలు. ఇది అమ్మకం మీద లెక్క, లాభం మీద కాదు. కిరాణా కొట్టువాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే ఈ పరిమితి ధీమా పనికిరాదు.

రూ.1.5 కోట్ల లోపు ఉన్నవారు కాంపోజిషన్ పథకం ఎంచుకోవచ్చు. వ్యాపారులకు అమ్మకంలో 1 శాతం, హోటళ్లకు 5 శాతం. ఆ డబ్బు సొంత జేబులోంచి కట్టాలి, గిరాకీ దగ్గర పన్నుగా వసూలు చేయకూడదు, ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. మీ దగ్గర కొనేవాళ్లు ఎక్కువమంది వ్యాపారులే అయితే ఈ పథకం వద్దు. క్రెడిట్ రాని బిల్లు కోసం వాళ్లు మీ దగ్గరికి రారు.

పెట్రోలు మీద జీఎస్టీ ఎందుకు లేదు?

రాష్ట్రాలు వదులుకోలేదు కాబట్టి. ముడి చమురు, పెట్రోలు, డీజిల్, సహజ వాయువు, విమాన ఇంధనం ఎప్పటి నుంచి జీఎస్టీలోకి రావాలో జీఎస్టీ కౌన్సిల్ తేల్చాలి. తాగే మద్యాన్ని రాజ్యాంగ సవరణే బయట పెట్టింది. కేంద్ర ఎక్సైజు లీటరుకు ఇంత అని ఉంటుంది. రాష్ట్ర వ్యాట్‌లో శాతం భాగం ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం, దానికి తోడు లీటరుకు రూ.4, రోడ్డు అభివృద్ధి సెస్సు రూ.1. డీజిల్ మీద 22.25 శాతం, పైన అవే రూ.4, రూ.1. ఆ శాతాన్ని ఎక్సైజు కలిపిన ధర మీద లెక్కిస్తారు. అంటే ఇక్కడ నిజంగానే పన్ను మీద పన్ను. కేంద్రం ఎక్సైజు పెంచితే రాష్ట్రానికి వేలు కదపకుండానే ఆదాయం పెరుగుతుంది.

ఇంటికి ఒక్క ఇటుక చేర్చలేదు. ఇంటి పన్ను ఏటా ఎందుకు పెరుగుతోంది?

2021 ఏప్రిల్‌కు ముందు ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందన్న అంచనా మీద పన్ను వేసేవారు. ఆ తర్వాత మూలధన విలువ పద్ధతి వచ్చింది. స్థలం రిజిస్ట్రేషన్ విలువ, కట్టడం విలువ కలిపి, దాని మీద శాతం. చట్టం ఇచ్చిన హద్దులు నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం, ఇతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం. 375 చదరపు అడుగుల లోపు సొంత నివాసానికి ఏడాదికి రూ.50.

ఒక్కసారిగా భారం పడకుండా ఏటా పెంపు 15 శాతం దాటకూడదని నియమం పెట్టారు. అదే ఏటేటా పెరుగుదలకు కారణం. ఇంటి విలువ రూ.40 లక్షలు, రేటు 0.15 శాతం అనుకుందాం. కొత్త పన్ను రూ.6,000. పాత పన్ను రూ.3,000 అయితే మొదటి ఏడు రూ.3,450, రెండో ఏడు సుమారు రూ.3,967, మూడో ఏడు రూ.4,562, నాలుగో ఏడు రూ.5,247, ఐదో ఏడు రూ.6,000 దగ్గర ఆగుతుంది. ఈలోగా రిజిస్ట్రేషన్ విలువలు సవరిస్తే ఆ ఆరు వేల గీత కూడా పైకి జరుగుతుంది. పాత పన్ను ఎంత తక్కువగా ఉంటే అన్నేళ్లు ఎక్కువ పెరుగుతుంది. పక్కింటివాళ్ల పన్ను ఆగిపోయి మీది పెరుగుతుంటే మోసం అనుకోనక్కర్లేదు.

డిమాండులో గ్రంథాలయ సెస్సు కూడా ఉంటుంది, పన్నులో రూపాయికి 8 పైసలు. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థది, కార్పొరేషన్ మధ్యవర్తి మాత్రమే.

ఇంటి పన్ను ఎప్పుడు కడితే లాభం? తప్పులు ఎక్కడ జరుగుతాయి?

ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోపు ఒకేసారి కడితే 5 శాతం రాయితీ. లేదంటే మొదటి అర్ధ సంవత్సరానికి జూన్ 30, రెండో దానికి డిసెంబరు 31 గడువు. దాటితే నెలకు 2 శాతం సాధారణ వడ్డీ. రూ.3,000 బకాయి ఏడాది ఉంచితే రూ.720 వడ్డీ. కొన్నేళ్లు మార్చి నెలల్లో వడ్డీ మాఫీ ప్రకటించారు గానీ, దాని కోసం ఎదురుచూడటం జూదమే. మాఫీ రాని ఏడు ఏటా 24 శాతం నష్టం.

కట్టే ముందు అసెస్‌మెంట్ నంబరు సరిచూడండి. అపార్ట్‌మెంట్లలో ఒక ఫ్లాటు డబ్బు పక్క ఫ్లాటు నంబరుకు పడటం ఎక్కువగా జరిగే పొరపాటు, వెనక్కి మార్పించుకోవడానికి రసీదు పట్టుకుని రెవెన్యూ విభాగం చుట్టూ తిరగాలి. ఆన్‌లైన్‌లో నంబరు కొట్టాక వచ్చే యజమాని పేరు, డోరు నంబరు చదివి అప్పుడు చెల్లించండి. విస్తీర్ణం ఎక్కువ వేశారనో, ఇంటిని దుకాణంగా చూపారనో అనిపిస్తే నోటీసులో ఇచ్చిన గడువులోపే రివిజన్ పిటిషన్ వేయాలి. ప్లాను, దస్తావేజు నకలు, గదుల కొలతలు జత చేయండి. గడువు దాటాక మాటలతో పని జరగదు.

అనుమతి లేని అంతస్తుకు కూడా పన్ను కడుతున్నాం. సక్రమం అయినట్టేనా?

కాదు. అక్రమ కట్టడానికి పన్ను మీద అదనంగా జరిమానా పడుతుంది. ఖాళీ వదలాల్సిన చోట 10 శాతం లోపు ఉల్లంఘనకు పన్నులో 25 శాతం, దాటితే 50, అనుమతి లేని అంతస్తుకు 100 శాతం. ఏళ్ల తరబడి రెట్టింపు కట్టినా ఆ రసీదు కూల్చివేత నోటీసును ఆపదు.

రూ.60 లక్షల ఫ్లాటు కొంటే ఎవరెవరికి ఎంత?

అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం: రూ.3,00,000. బదిలీ సుంకం 1.5 శాతం: రూ.90,000. రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం: రూ.60,000. మొత్తం రూ.4,50,000. బదిలీ సుంకం స్థానిక సంస్థ కోసం వసూలు చేసేది. ఒప్పంద ధర, ప్రభుత్వ విలువ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద లెక్క. తక్కువ చూపితే సబ్ రిజిస్ట్రారు స్టాంపుల చట్టం 47ఎ సెక్షన్ కింద ఫైలు పైకి పంపొచ్చు, దస్తావేజు అక్కడ చిక్కుకుంటుంది.

కట్టడం పూర్తి కాకముందే బిల్డరు దగ్గర కొంటే 5 శాతం జీఎస్టీ. రూ.45 లక్షల లోపు, 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా ఉన్న ఇంటికి 1 శాతం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక మొత్తం ధర చెల్లించి కొన్న ఫ్లాటుకు జీఎస్టీ లేదు. బిల్డరు అడిగితే సర్టిఫికెట్ తేదీ చూపించమనండి.

ధర రూ.50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాడే అమ్మేవాడికిచ్చే డబ్బులోంచి 1 శాతం కోసి కేంద్రానికి కట్టాలి. ఇక్కడ రూ.60,000, అంటే మొత్తం ధర మీద, యాభై దాటిన పది లక్షల మీద కాదు. కోసిన నెల ముగిశాక 30 రోజుల గడువు. స్టేట్‌మెంటు ఆలస్యమైతే రోజుకు రూ.200.

మన జిల్లాల్లో ముఖ్యంగా చూడాల్సింది అమ్మేవారు ప్రవాస భారతీయులా అన్నది. అయితే ఈ 1 శాతం నియమం వర్తించదు. దీర్ఘకాలిక లాభమైతే 12.5 శాతం, దాని మీద సర్‌చార్జీ, సెస్సు కోయాలి. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే తక్కువ కోత సర్టిఫికెట్ లేకపోతే శాఖ దాన్ని మొత్తం ధర మీద అడుగుతుంది. అమెరికాలో ఉన్న యజమాని తరఫున తండ్రి జీపీఏతో (తరఫున సంతకం చేసే అధికార పత్రం) సంతకం చేసినా అమ్మేది ప్రవాసే. ఇది పట్టించుకోక ఒక్క శాతంతో సరిపెట్టినవారికి నోటీసు వచ్చేది కొన్నవారి పేరునే.

జీతం పెరిగి స్లాబు మారితే చేతికొచ్చేది తగ్గుతుందా?

తగ్గదు. పై స్లాబు రేటు ఆ స్లాబులో పడిన భాగానికే. కొత్త పద్ధతిలో రూ.4 లక్షల వరకు సున్నా, తర్వాత ప్రతి నాలుగు లక్షలకు 5, 10, 15, 20, 25 శాతం, రూ.24 లక్షలు దాటితే 30. జీతం రూ.15 లక్షలైతే రూ.75,000 ప్రామాణిక తగ్గింపు పోను రూ.14.25 లక్షలు. పన్ను 20,000 + 40,000 + 33,750 = రూ.93,750, సెస్సు రూ.3,750, మొత్తం రూ.97,500.

రూ.12 లక్షల వరకు రిబేటుతో పన్ను సున్నా అవుతుంది. అక్కడి నుంచి రూ.10,000 ఎక్కువ వస్తే రూ.61,500 పన్ను పడాలి, కానీ దాటిన మొత్తానికి మించి వేయరు. కాబట్టి రూ.10,000, దాని మీద సెస్సు రూ.400. ఆ నాలుగు వందలే నష్టం. షేర్లు అమ్మిన లాభాల్లాంటి ప్రత్యేక రేటు ఆదాయానికి ఈ రిబేటు లేదు. ‘పన్నెండు లోపే కదా’ అని రిటర్ను వేయని కుర్రాళ్లు ఇక్కడే దొరుకుతున్నారు.

బ్యాంకు డిపాజిట్ వడ్డీలో పన్ను కోసింది. మళ్లీ కట్టాలా?

ఏడాది వడ్డీ రూ.50,000 (వృద్ధులకు రూ.1 లక్ష) దాటితే బ్యాంకు 10 శాతం కోస్తుంది, పాన్ లేకపోతే 20. ఇది వేరే పన్ను కాదు, మీ లెక్కలో ముందుగా జమ చేసిన అడ్వాన్సు. పన్ను పడని ఆదాయమైతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. అసలు కోయకుండా ఉండాలంటే ఏప్రిల్‌లోనే స్వీయ ప్రకటన ఫారం ఇవ్వాలి. ఒక బ్యాంకులో ఇచ్చింది ఇంకో బ్యాంకుకు పనిచేయదు. రిటర్ను వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి, అసలు చేయకపోతే వేయనట్టే లెక్క.

రైతుకు పన్నే లేదంటారు, నిజమేనా?

ఆదాయపు పన్ను వరకు నిజం. అయితే వేరే ఆదాయం పన్ను హద్దు దాటితే, రూ.5,000 మించిన వ్యవసాయ ఆదాయాన్ని రేటు తేల్చడానికి కలుపుతారు. ఉద్యోగ ఆదాయం రూ.14 లక్షలు, కౌలు రూ.3 లక్షలు అనుకోండి. 17 లక్షల మీద పన్ను రూ.1,40,000లోంచి 7 లక్షల (పన్ను లేని 4 లక్షలు, కౌలు 3 లక్షలు) మీద పన్ను రూ.15,000 తీసేస్తే రూ.1,25,000. కౌలు చూపకపోతే రూ.90,000 మాత్రమే వచ్చేది. చేపలు, రొయ్యల చెరువుల ఆదాయం వ్యవసాయం కిందకు రాదు. డెల్టాలో చాలామందికి ఇది నోటీసు వచ్చాకే తెలుస్తోంది. కాలువ నీటికి నీటితీరువా వేరు, అది రెవెన్యూ శాఖ వసూలు.

జీతంలో నెలకు రూ.200 కోత ఏమిటి?

వృత్తి పన్ను, రాష్ట్రానిది. నెలకు రూ.15,000 వరకు లేదు, రూ.20,000 వరకు రూ.150, ఆపైన రూ.200. జీతం లక్షయినా అంతే. 276వ అధికరణం ఏడాదికి రూ.2,500 మించనివ్వదు.

కాజ టోల్, నీటి చార్జీ, చెత్త పన్ను కూడా పన్నులేనా?

టోల్, నీటి చార్జీ వాడకపు రుసుములు. ఆ రోడ్డు ఎక్కకపోతే టోల్ లేదు. పన్నుకు బదులుగా ఫలానా సేవ ఇమ్మని అడిగే హక్కు ఉండదు, రుసుముకు ఉంటుంది. అందుకే కుళాయి రాకపోతే నీటి చార్జీ మీద ఫిర్యాదు నిలబడుతుంది. జనం చెత్త పన్ను అన్నదీ చట్టం దృష్టిలో రుసుమే. 2021లో మొదలైంది, రద్దు చేస్తున్నట్టు 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి ప్రకటించారు.

పన్నులు చాలకపోతే?

అప్పు. 2018లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ అమరావతి బాండ్లతో 10.32 శాతం వడ్డీకి రూ.2,000 కోట్లు సేకరించింది. అసలూ వడ్డీ తీరేది మళ్లీ ప్రజల డబ్బుతోనే కాబట్టి, అప్పును తేదీ వాయిదా పడిన పన్నుగా చూడటమే సరైన లెక్క. బడ్జెట్ పత్రాలు చదివేటప్పుడు ‘రాబడి’ అన్న మాట దగ్గర ఆగండి. రెవెన్యూ రాబడి వేరు, అప్పులు కలిసే మూలధన రాబడి వేరు.

రసీదులు ఎన్నాళ్లు దాచాలి?

జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు. ఇంటి పన్ను రసీదులు ఇల్లు అమ్మేదాకా. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ చలానాలు అమ్మాక కూడా ఉంచండి, మూలధన లాభం లెక్కలో అవి కొన్న ధరలో కలుస్తాయి. థర్మల్ కాగితం (వేడితో అచ్చయ్యే కాగితం) మీద ముద్రించిన చలానాల అక్షరాలు ఏడాది తిరక్కుండానే మాసిపోతాయి. కట్టిన రోజే జిరాక్సు తీయించండి.